వెలి ఎవరికి?

1962-65 వాటికన్ మహాసభ తర్వాత పూజ జనం భాషలోకొచ్చింది. సంప్రదాయం చెడిందని ఫ్రాన్సు బిషప్పు లెఫెవ్ర్ ఎదురు తిరిగాడు. 1988లో పోపు మాట కాదని నలుగురికి బిషప్పు పట్టం కట్టాడు. సభను చీల్చారని రోము అందర్నీ వెలివేసింది. ఐక్యత కోసమని 2009లో ఆ నలుగురి వెలి ఎత్తేసింది.

మరి ఒకే రొట్టె తిన్నోళ్లకు మన దేశంలో కొన్నిచోట్ల కులానికో సమాధుల దొడ్డి పెడితే సభ చీలినట్టు కాదా? కుల వివక్ష ఘోర పాపమని భారత కతోలిక బిషప్పులే 2016లో రాసిచ్చారు. ఆ పాపానికి వెలిపడ్డోళ్లెవరు? లాటిన్ పోతే సంప్రదాయం పోయిందన్నారు. కులం ఏ సువార్తలో ఉంది?

అన్నలారా, అక్కలారా! ఆదివారం పూజయ్యాక ఫాదరు గారిని నిలబెట్టి అడగండి: మన సమాధుల మధ్య గోడుందా? ఉంటే, ఎప్పుడు కూలుస్తారు?