అనుమానానికి, నిర్ధారణకు నడుమ

గుంటూరు నుండి చిలకలూరిపేటకు పోయే జాతీయ రహదారి మీద, కొండవీటి కొండల చెంత ఎడ్లపాడు ఉన్నది. పత్తి, మిరప పండే నేల అది. నూలు మిల్లులు, సుగంధ ద్రవ్యాల పార్కు వెలసిన మండలం. శ్రీనాథుడు విద్యాధికారిగా మెలగిన కొండవీడు ఈ మండలంలోనిదే. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అవతరించినప్పుడు ఈ ప్రాంతం గుంటూరు జిల్లా నుండి విడివడి, నరసరావుపేట కేంద్రంగా గల కొత్త జిల్లాలో చేరింది. జిల్లా మారినది గాని, పెద్ద జబ్బు చేస్తే పట్టవలసిన దారి మారలేదు. అది నేటికీ గుంటూరు దారియే. ఆ దారిన పోయేవారిలో కొందరు గర్భిణులు. వారికి జబ్బు లేదు, నొప్పి లేదు. చేతిలో ఒక కాగితం మాత్రం ఉన్నది. కడుపులోని బిడ్డకు ఏదో లోపమున్నదేమోనని అనుమానం, పెద్ద వైద్యులకు చూపించవలెను అని దాని సారాంశం. ఆ కాగితం అందిన నాటి నుండి అసలు సంగతి తెలిసే నాటి వరకు ఆ తల్లి అనుభవించే వేదనకు లెక్క కట్టిన ప్రభుత్వ శాఖ ఏదీ లేదు.

ఈ కాగితం మన అమ్మమ్మల కాలంలో లేదు. బిడ్డ భూమి మీద పడిన తరువాతనే మంచిచెడ్డలు తెలిసేవి. గ్లాస్గో నగరంలో ఇయాన్ డోనాల్డ్ అనే వైద్యుడు తన సహచరులతో కలసి, చెవికి వినిపించని ధ్వని తరంగాలతో గర్భంలోపలి రూపాన్ని చూడవచ్చునని 1958లో లోకానికి వెల్లడించాడు. ఓడలలోని లోహాల పగుళ్ళు పట్టడానికి పుట్టిన విద్య తల్లి కడుపులోకి చూసే కన్ను అయినది. నేడు ఆ యంత్రం లేని చిన్న పట్టణం అరుదు. చూపు దగ్గరకు వచ్చినది. చికిత్స మాత్రం దూరాననే నిలిచిపోయినది. ఇదీ నేటి చిక్కు.

చికిత్స లేకపోతే చూపు వలన ప్రయోజనమేమి అని అడిగేవారు లేకపోలేదు. కాని చికిత్స ఉన్నది. తల్లి రక్తానికీ బిడ్డ రక్తానికీ పొత్తు కుదరక బిడ్డ కడుపులోనే రక్తహీనతతో నశిస్తూ ఉండగా, 1963లో న్యూజీలండ్‌లో లైలీ అనే వైద్యుడు గర్భంలో ఉన్న శిశువుకే రక్తం ఎక్కించి చూపాడు. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హారిసన్ బృందం గర్భాన్ని తెరచి శిశువుకు శస్త్రచికిత్స చేసి, తిరిగి గర్భంలోనే ఉంచింది. 2023 మార్చిలో ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు ద్రాక్షపండంత గుండెలోనికి సూది పంపి, మూసుకొనిపోయిన కవాటాన్ని చిన్న బెలూనుతో విప్పారు. కవలలిద్దరూ ఒకే మాయను పంచుకొన్నప్పుడు ఒకరి రక్తం మరొకరికి ప్రవహించి ఇద్దరికీ ముప్పు వస్తే, లేసరు కిరణంతో ఆ రక్తనాళాలను మూసివేసే పద్ధతి కూడ ఉన్నది.

ఐతే ఇటువంటి అద్భుతాలు కొద్దిమందికే అవసరం. ఎక్కువమందికి కావలసినది ఇంతకంటె సామాన్యమైనది: బిడ్డ ఎక్కడ పుట్టవలెనో ముందుగా తెలియడం. సజీవంగా పుట్టే ప్రతి వేయిమంది శిశువులలో సుమారు ఎనిమిదిమందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపముంటుందని వైద్యుల అంచనా. వాటిలో కొన్ని, బిడ్డ పుట్టిన గంటలలో, రోజులలో ప్రాణం తీసేవి. గర్భంలో తెరచుకొని ఉండే ఒక చిన్న రక్తనాళం పుట్టిన పిదప సహజంగా మూసుకొంటుంది. గుండె సరిగా ఏర్పడని బిడ్డకు కొన్నిసార్లు ఆ నాళమే జీవాధారం. దానిని తెరచి ఉంచే మందు ఉన్నది. ఆ మందు, దాని నెరిగిన వైద్యుడు కానుపు గదికి పక్కనే ఉంటే బిడ్డ శస్త్రచికిత్స దాకా నిలుస్తుంది. వారు వంద కిలోమీటర్ల అవతల ఉంటే, నల్లబడిన పసికందును గుడ్డలో చుట్టుకొని అంబులెన్సులో పరుగెత్తవలసినదే. ముందుగా తెలిసిన లోపానికీ, ఆలస్యంగా తెలిసిన లోపానికీ తేడా ఒక్కొక్కప్పుడు ఒక నిండు ప్రాణం.

ఈ వ్యవహారంలో కాలానిదే పెత్తనం. మొదటి పరీక్ష 11 నుండి 14 వారాల నడుమ. అవయవాలన్నింటినీ నిదానంగా చూసే పరీక్ష 18 నుండి 20 వారాల నడుమ. గుండెను ప్రత్యేకంగా చూడవలెనంటే ఆ తరువాత కొద్ది వారాలు. ఉమ్మనీరు తీసి పరీక్షించవలసి వస్తే 15 వారాలు దాటిన పిమ్మట. ఫలితం రావడానికి మరికొన్ని రోజులు. నెల తప్పిన సంగతి ఆలస్యంగా చెప్పుకొనే కూలీ ఇంటి స్త్రీకి, మిరపకోతల నడుమ ఒక దినం కూలి పోగొట్టుకోలేని స్త్రీకి, ఈ తేదీలు ఒకదాని తరువాత ఒకటిగా జారిపోతవి. అనుమానం వచ్చిన తరువాత కూడ, తోడు వచ్చే మగదిక్కు కోసం, చేబదులు కోసం, మంచిరోజు కోసం మరి రెండు వారాలు గడచిపోతవి.

ఇక భాష సంగతి. ఆ రిపోర్టు ఆంగ్లంలో ఉంటుంది. అందులోని 'అనుమానం' అన్న మాట ఇంటికి చేరేసరికి 'నిర్ధారణ' అయి కూర్చుంటుంది. యంత్రంలో కనిపించే చిన్నచిన్న గుర్తులలో కొన్ని బిడ్డ ఎదిగేకొద్దీ తమంతట తాము మాయమయ్యేవే. మూత్రపిండంలో కొద్దిపాటి నీరు, గుండెలో ఒక తెల్లని చుక్క తరచు ఏ హానీ చేయవు. ఈ సంగతిని కూర్చుండబెట్టి తెలుగులో చెప్పే మనిషి లేనందువలన, మంచి బిడ్డను గురించి నెలల తరబడి కుమిలే తల్లులున్నారు. నిజంగా చికిత్స కావలసిన బిడ్డను గురించి ఏమీ కాదులే అని ఊరుకొనే ఇళ్ళూ ఉన్నవి. రెండూ ఒకే లోటు నుండి పుట్టిన కష్టాలు. పరీక్షించడం ఎంత వైద్యమో, బోధపరచడం అంత వైద్యం.

మన భాష కూడ ఈ విషయంలో నిర్దోషి కాదు. పై పెదవి చీలి పుట్టిన బిడ్డను తెలుగువారు 'గ్రహణం మొర్రి' అంటారు. ఆ పేరులోనే ఒక నేరారోపణ ఉన్నది. గ్రహణం వేళ తల్లి కదలినది, కూర కోసినది, బయటికి వచ్చినది, కనుక బిడ్డకు ఈ గతి పట్టినది అని తీర్పు. పెదవి రూపుగట్టేది గర్భం ధరించిన నాలుగు నుండి ఏడు వారాల లోపల. చాలమంది స్త్రీలకు తాము గర్భవతులమని రూఢిగా తెలియని కాలమది. ఆకాశంలోని నీడకు ఆ చీలికతో సంబంధం లేదు. ఆ పెదవిని పుట్టిన కొద్ది నెలలకే శస్త్రచికిత్సతో చక్కదిద్దవచ్చును. తల్లి మీద పడిన నిందను కుట్టి మాన్పే శస్త్రం మాత్రం ఇంకా రాలేదు. ఆ పని వైద్యులది కాదు. ఇంటివారిది, బడిది, పత్రికలది.

నింద మోపడం మాని, నివారణకు పూనుకొంటే చేయదగినవి ఉన్నవి. వెన్నెముక, మెదడు గర్భం ధరించిన తొలి 28 దినాలలోనే మూసుకొని రూపొందుతవి. 1991లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశోధనలో, అటువంటి లోపంతో ఒక బిడ్డను కన్న తల్లులకు గర్భధారణకు ముందునుండే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, మళ్ళీ ఆ లోపం వచ్చే ముప్పు 72 శాతం తగ్గినట్లు తేలింది. నెల తప్పిన తరువాత ఇచ్చే మాత్ర ఈ పనికి చాలవరకు ఆలస్యమే. పెళ్ళినాటి నుండే ఇవ్వవలసినది అది. అట్లే మేనరికం. ఆస్తి చెదరకుండ, పిల్ల కళ్ళముందే ఉండాలనే ప్రేమతో చేసే పెళ్ళిళ్ళు అవి. వాటిని ఎగతాళి చేయడం వలన మేలు లేదు. కాని సామాన్యంగా నూటికి ఇద్దరు ముగ్గురు శిశువులకు తీవ్రమైన పుట్టులోపాలుంటే, దగ్గరి రక్తసంబంధీకుల సంతానంలో ఆ ముప్పు ఇంచుమించు రెట్టింపవుతుందని చెప్పవలసిన బాధ్యత చదువుకొన్నవారిపై ఉన్నది. ఇంట్లో అటువంటి బిడ్డ ఇదివరకే పుట్టి ఉంటే, మరుసటి గర్భానికి ముందే జన్యు వైద్యుల సలహా పొందడం అవసరం.

చట్టాన్ని గురించిన భయం మరొకటి. 1994లో వచ్చి 2003లో సవరింపబడిన చట్టం గర్భస్థ శిశువు ఆడా మగా అని చెప్పడాన్ని నేరం చేసింది. అది ఆడపిల్లను కాపాడడానికి వచ్చినది. లోపాలను కనుగొనే పరీక్షను అది నిషేధించలేదు, నియమాలతో అనుమతించింది. 2021 సవరణ ప్రకారం, 24 వారాలు దాటిన పిదప కూడ, బిడ్డలో తీవ్రమైన లోపమున్నదని వైద్య మండలి తేల్చిన పక్షంలో గర్భవిచ్ఛిత్తికి అవకాశమున్నది. ఆ నిర్ణయం తల్లిది. గర్భాన్ని నిలుపుకొంటానన్న తల్లికీ, నిలుపుకోలేనన్న తల్లికీ సమానమైన గౌరవం, సమానమైన సమాచారం దక్కవలెను. పేదతల్లికి రెండు మార్గాలలో ఏదీ అందుబాటులో లేకపోవడమే అన్యాయం.

సాధారణ కానుపులకే వసతులు చాలని చోట ఈ విశేష వైద్యం కోరడం ఆశకు మించినది కాదా అని కొందరు ఆక్షేపించవచ్చును. ఈ ఆక్షేపణలో బలమున్నది. కాని రెండూ ఒకదానికొకటి పోటీ కావు. అనుమానిత కేసును గుర్తించి పంపగల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సాధారణ కానుపును కూడ బాగుగా చేయగలదు. పైగా హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి వంటివి, చెన్నైలోని మెడిస్కాన్ వంటివి ఈ విద్యను దక్షిణాదిలోనే పెంపొందించినవి. విద్య దేశంలో ఉన్నది. అది పల్నాటి దాకా రావలెను, అంతే.

అందుకు పునాదులు లేకపోలేదు. గుంటూరు వైద్య కళాశాల 1946 నాటిది. ఆ కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్ ఉమా గవిని, 2022లో తమ యావదాస్తిని, సుమారు 20 కోట్ల రూపాయలను, గుంటూరు ప్రభుత్వాసుపత్రి మాతాశిశు విభాగానికి ఇచ్చివేశారు. మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నది. 2016 నుండి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు జరిపే కేంద్ర పథకమున్నది. కొరవడినది వీటిని కలిపే దారం. పల్నాడులోని ఏ కేంద్రంలో అనుమానం వ్రాసినా, ఒక వారంలోగా ఫలానా చోట, ఫలానా నాడు, గర్భస్థ శిశువైద్యంలో శిక్షణ పొందిన వైద్యుడు చూస్తాడన్న నిశ్చయం ఉండవలెను. ఆశా కార్యకర్త తోడు వెళ్ళే ఏర్పాటు, దారి ఖర్చు, పోయిన కూలికి పరిహారం ఉండవలెను. తెలుగులో ఒక పుటలో సంగతి వ్రాసి తల్లి చేతికివ్వవలెను. కానుపు ఎక్కడో ముందే నిర్ణయింపబడవలెను. వీటిలో కోట్లు అడిగేది ఏదీ లేదు. శ్రద్ధ మాత్రం అడుగుతుంది.

భాగవతం చదివిన తెలుగువారికి ఉత్తర కొత్త కాదు. అశ్వత్థామ అస్త్రం కడుపులోని పసివాని మీదికి వస్తున్నదని తెలిసి, తాను దగ్ధమైనా సరే బిడ్డ నిలవవలెనని ఆమె శ్రీకృష్ణుని వద్దకు పరుగెత్తింది. గర్భంలోనే రక్షణ పొందిన ఆ శిశువు పరీక్షిత్తు. ఆ కథలో భక్తి ఎంత ఉన్నదో, ఒక లౌకిక సత్యమూ అంత ఉన్నది. ఉత్తరకు ముప్పు సకాలంలో తెలిసినది. పరుగెత్తి చేరగలిగిన దూరంలో ఆదుకొనేవాడున్నాడు. ఎడ్లపాటి తల్లికి మొదటిది నేడు యంత్రం సమకూర్చింది. రెండవది సమకూర్చడం ప్రభుత్వం పని. దానిని అడిగి తెచ్చుకోవడం ప్రజల పని.