సోమూర్‌లో బస ఎక్కడ? గది అద్దెకన్నా పెద్దల మోకాళ్ళు ముఖ్యం

కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

పారిస్ చుట్టుపక్కల స్థిరపడిన మన యానాం కుటుంబాలు, ఇక్కడి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, తాతమ్మల్ని వేసవిలో లువార్ నది ఒడ్డుకి తీసుకెళ్ళడం మామూలే. గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళకి నది ఉన్న ఊరు చూపించాలనుకోవడం మంచి ఆలోచన. ఆంజేకీ తూర్‌కీ మధ్యన ఉన్న సోమూర్ అందుకు తగిన ఊరు. కొండ మీద కోట, కింద తెల్లటి తుఫో రాతి ఇళ్ళు, కొండ లోపల ద్రాక్షసారా నిలవచేసే గుహలు. ఈ ప్రాంతం 2000 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. పేచీ అంతా బస దగ్గరే వస్తుంది.

మనవాళ్ళు ఎక్కువగా చేసేది ఏమిటంటే, ఊరి బయట పెద్ద రోడ్డు పక్కన చవకగా దొరికే హోటల్లో నాలుగు గదులు తీసుకోవడం. కారు పెట్టుకోవడానికి చోటుంటుంది, అద్దె తక్కువ. నిజమే. కానీ పిల్లలు కారేసుకుని ఊళ్ళోకి పోతే పెద్దవాళ్ళు గదిలో టీవీ ముందు కూర్చుంటారు. వేల మైళ్ళు విమానంలో వచ్చిన మనిషికి నది కనపడదు, ఓ వీధి కనపడదు. మిగిలిన డబ్బు ఎవరి ఖాతాలోంచి మిగిలిందో ఆలోచించండి.

రెండో పొరపాటు కోట మోజు. కోట కిందే ఉంటే కోట కనపడదండి! చూడ్డానికి బాగుండేది నది మధ్యలో ఉన్న ఒఫార్ లంక నుంచి. సొంత కారు, చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకి లంక బాగుంటుంది. వంతెన దాటితే పాత ఊరు. రైల్లో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: స్టేషను ఉత్తరపు ఒడ్డున ఉంది. పాత ఊరికి రావాలంటే రెండు పాయల మీద రెండు వంతెనలు దాటాలి. సామానుతో పెద్దల్ని నడిపించకండి, టాక్సీ ముందే చెప్పుకోండి.

గుహల్లో తొలిచిన గదులు ఇప్పుడు ఫ్యాషన్. లోపల ఏడాది పొడవునా దాదాపు 12 డిగ్రీల చల్లదనం ఉండబట్టే సారా వాటిలో నిలవ ఉంటుంది. బస గదుల్లో హీటరు పెడతారు గాని, రాతి చెమ్మ ఎక్కడికీ పోదు. ఆయాసం, కీళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకి వద్దు. బుడగల వైను తయారీ చూడాలనుకుంటే పడమటి వైపు సాన్ తిలేర్ - సాన్ ఫ్లొరాన్ పేటకి ఓ పూట స్వెట్టర్ వేసుకుని వెళ్ళి వస్తే సరి. తాగనివాళ్ళూ గుహలు చూడొచ్చు. అక్కడే బస అక్కర్లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెద్దవాళ్ళు వెంట ఉంటే సాన్ పియేర్ చర్చికీ నది గట్టుకీ మధ్య, కొండ ఎక్కని పల్లపు వీధుల్లోనే బస తీసుకోవాలి. శనివారం పొద్దున్నే ఆ చర్చి ముందు సంత జరుగుతుంది. శుక్రవారం రాత్రికి చేరితే పెద్దవాళ్ళు సంచి పట్టుకుని తమంతట తామే వెళ్ళి రాగలరు. గది అడిగేటప్పుడు లిఫ్టు ఉందా అని ముందు అడగండి. పాత రాతి ఇళ్ళలో చాలావాటికి ఉండదు. "ప్రెమియే ఎతాజ్" అంటే ఒక మెట్ల వరస ఎక్కాకే. "రె ద షొసే" అంటేనే నేల మీది గది. బస పన్ను మనిషికి ఇంత, రాత్రికి ఇంత అని వేరే కడతారు. పద్దెనిమిది లోపు పిల్లలకి ఉండదు.

వీలైతే హోటలు కాకుండా షాంబ్ర్ దోత్ చూడండి. అంటే ఇంటివాళ్ళే గది ఇచ్చి పొద్దున ఫలహారం పెట్టే బస. 1962లో ఒప్పందం అమల్లోకి వచ్చాక ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్న మన కుటుంబాల్లో, అప్పటికే పెద్దయిన తరం ఇప్పుడు ఎనభై దాటింది. యానాం బడిలో నేర్చిన ఫ్రెంచి వాళ్ళకి ఇంకా నోట్లో ఉంది. మనవలు వాళ్ళతో ఫోను చూస్తూ మాట్లాడతారు. ఫలహారం బల్ల దగ్గర ఆ ఇంటావిడ తీరిగ్గా కూర్చుని "మీరు ఇంత చక్కటి ఫ్రెంచి ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగితే, ఆ తాతగారికి కోటకన్నా అదే ఎక్కువ.

ఖర్చు ఎక్కువ అంటారా? నాలుగు ఊళ్ళు నాలుగు రాత్రుల్లో చుట్టబెట్టే బదులు రెండు ఊళ్ళే పెట్టుకోండి. సోమూర్‌లో రెండు రాత్రులు ఉండండి, ఓ పూట పదిహేను కిలోమీటర్ల దూరంలోని ఫోంతెవ్రో మఠం చూసి రండి. పెట్రోలు, టోలు, హడావుడి తగ్గిన మేర గది అద్దెకి సర్దుకుంటుంది.

వచ్చే వేసవి ప్రయాణాల మాట సంఘంలో వచ్చినప్పుడు ముందు అద్దెల పట్టిక తీయకండి. ఎవరెవరు వస్తున్నారు, ఎవరు ఎన్ని మెట్లు ఎక్కగలరు అన్న పట్టిక రాయండి. బస దాన్నిబట్టే తేలుతుంది. ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, మాట్లాడుకుందాం.