పేరు మార్చుకొన్న జూదము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2025వ సంవత్సరమున నొక చిత్రమైన వివాదము న్యాయస్థానముల కెక్కినది. ఫలానా జట్టు గెలుచునా, ఓడునా యని రొక్కము నొడ్డుట జూదమా, వాయిదా వ్యాపారమా? జూదమైనచో దాని నదుపుచేయుట రాష్ట్రముల పని. వాయిదా వ్యాపారమైనచో కేంద్రప్రభుత్వపు పని. పరదేశపు తగవు మనకేల యని పాఠకులు త్రోసిపుచ్చరాదు. కారణము తుదకు మనవి చేసెదము.

గోధుమ పండించు రైతు, కోతనాటికి ధర పడిపోవునను భయమున ముందుగనే ధర కుదుర్చుకొనుట న్యాయమైన వ్యవహారము. అట్టి బేరముల కొరకు 1936లో అమెరికా కేంద్ర శాసనసభ యొక చట్టమును చేసినది. వానిని కనిపెట్టి యుండుటకు 1974లో నొక కమీషనును నెలకొల్పినది. ఆ కమీషను అదుపునందలి కల్షీ యను సంస్థ 2025 జనవరిలో ఆటల గెలుపోటములపై “ఒడంబడికలు” అమ్మజొచ్చెను. అరువది సెంట్లకు కొన్న ఒడంబడిక, కొన్నవాడు చెప్పినట్లు జరిగినచో డాలరగును, జరుగనిచో మట్టిపాలగును. రైతు చేత గోధుమ యున్నది. వీని చేత నేమున్నది? పాలకుండలో పోసినంత మాత్రమున కల్లు పాలగునా?

నెవాడా, న్యూజెర్సీ రాష్ట్రములు మార్చినెలలో ఈ వ్యాపారము నాపుమని ఉత్తరువు లిచ్చినవి. సంస్థ కోర్టుకెక్కెను. ఏప్రిలులో ఆ రెండు చోట్లను కేంద్ర న్యాయాధిపతులు తాత్కాలికముగ సంస్థకు రక్షణ నిచ్చిరి. ఆగస్టులో మేరీలాండునందలి న్యాయాధిపతి అట్టి రక్షణను నిరాకరించెను. నవంబరులో నెవాడా న్యాయాధిపతి తానిచ్చిన రక్షణను తానే తొలగించెను. చట్టమొక్కటియే, తీర్పు లిన్ని!

జూదశాలల పన్నుతో బొక్కసము నింపుకొను నెవాడా నీతికి కావలికాయుట చూడ నవ్వు రాకపోదు. కాని యూటా మాటయేమి? ఏ విధమైన జూదమును ఆ రాష్ట్రము సమ్మతింపదు. అచటి పిల్లవాడు పదునెనిమిదేండ్లు నిండగనే చేతిఫోనులో పందెము కాయవచ్చునన్నచో, ఆ ప్రజలు చేసికొన్న శాసనమునకు విలువ యెక్కడిది? అనుమతి వాషింగ్టనుది, చితికిన సంసారముల భారము రాష్ట్రముది!

ఏబది రాష్ట్రములు ఏబది విధముల అడ్డుతగిలినచో దేశవ్యాప్తమైన విపణి సాగదని సంస్థవారి వాదము. గోధుమ విషయమున ఇది సత్యమే. అయితే, ప్రజాహితమునకు విరుద్ధమైనచో జూదము, యుద్ధము, హత్య మున్నగువానిపై ఒడంబడికలను నిషేధించు నధికారమును 2010 సవరణ కమీషనున కిచ్చినది. జూదమును వలదనుటకై యిచ్చిన అధికారమును చూపి జూదమునకే రక్షణ కోరుట వింత! 1958లో ఉల్లిగడ్డల వాయిదా వ్యాపారమును నిషేధించిన దేశమది. ఉల్లిగడ్డపై కూడని బేరము బంతియాటపై కూడునట!

ఇక మన మాట. మన రాజ్యాంగమున పందెములు, జూదము రాష్ట్రముల జాబితాలో 34వ అంశము. వాయిదా విపణులు కేంద్ర జాబితాలో 48వ అంశము. ఆన్‌లైను పందెములను 2017లో తెలంగాణము, 2020లో ఆంధ్రప్రదేశము నిషేధించినవి. 2025లో పార్లమెంటును డబ్బొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించినది. ఈ విషయమున ఢిల్లీయు, రాష్ట్రములును ఒకే త్రోవ నడచినవి. రేపు ఎవరేని క్రికెట్టు పందెమునకు వాయిదా వ్యాపారమను ముసుగు తొడిగి 34 నుండి 48కి దాటింపజూచినచో, అప్పుడు అధికార మెవ్వరిది? కోర్టుల వాకిట పడిగాపులు పడకమునుపే మన శాసనసభ్యులు ఈ ప్రశ్నను సభలో నడిగి, స్పష్టమైన సమాధానమును రాబట్టవలెనని కోరుచున్నాము.