మొక్కలు నాటితే చాలదు, వాగు కూడా బాగుండాలి

పెద్ద పెద్ద మందుల కంపెనీలు ఏటా పర్యావరణం మీద నివేదికలు అచ్చేస్తున్నాయి. ఇన్ని మొక్కలు నాటాం, సోలార్ కరెంటు వాడుతున్నాం, ఇంత నీరు పొదుపు చేశాం అని చెప్పుకుంటున్నాయి. మంచిదే, కాదనలేం. కానీ రైతు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ మందు వండిన చోట వాగులోకి ఏం వదిలారు?

మాత్ర మీద పేరు ఒకరిది, ముడి మందు వండేది మరొకరు. విదేశీ కంపెనీలు కొనే ముడి మందులో కొంత మన హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచే వెళ్తుంది. కంపెనీ తన ప్రహరీ లోపల ఎంత శుభ్రంగా ఉన్నా, సరుకు ఇచ్చే ఫ్యాక్టరీ కాలువ మురికిగా ఉంటే ఆ పచ్చదనం సగమే.

పటాన్‌చెరు సంగతే చూడండి. అక్కడి ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి, వాగు వెంట పొలాలూ బావులూ పాడయ్యాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. రైతులకు కొంత నష్టపరిహారం అందింది గానీ, చెడిన నీళ్లు డబ్బుతో బాగుపడవు కదా! స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల మురుగు అక్కడికి చేరేది. శుద్ధి చేశామన్న ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. రోజుకు సుమారు 45 కిలోలు పోతోందని వారి అంచనా. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 90 వేలు రోజూ వాగు పాలన్నమాట!

మందే కదా, నష్టమేమిటి అనుకోవద్దు. ఒకే మందు పదే పదే కొడితే పురుగు మొండికేస్తుందని పత్తి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1997-98లో వరంగల్ జిల్లాలో ఎన్ని మందులు కొట్టినా పురుగు చావక ఎంతమంది రైతులు కుదేలయ్యారో మరిచిపోలేం. నీళ్లలో మందు కలిస్తే రోగ క్రిములదీ అదే దారి. రేపు పిల్లవాడికి జ్వరమొచ్చినా, గేదెకు పొదుగువాపు వచ్చినా అదే మందు పనిచేయకపోవచ్చు.

2016లో ఫైజర్, నోవార్టిస్, జీఎస్‌కే వంటి 13 కంపెనీలు తమ ఫ్యాక్టరీలతోపాటు సరఫరాదారుల మురుగు నీటినీ చూసుకుంటామని మాటిచ్చాయి. 2018లో నీటిలో ఏ మందు ఎంతకు మించకూడదో కంపెనీల కూటమి లెక్కలు ప్రకటించింది. అది ముందడుగే. అయితే ఇది వాళ్లకై వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. తప్పినా అడిగే చట్టం లేదు. మన కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ఇలాంటి హద్దులతో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన అసలు నిబంధనల్లో ఆ హద్దులు ఎగిరిపోయాయి! 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. ఇకనైనా సర్కారు మేల్కోవాలి.

ఇవన్నీ పాల్వంచ రైతుకెందుకు అంటారా? ఫ్యాక్టరీ పక్కన సేద్యం మనకు కొత్త కాదు. 1960ల నుంచి కేటీపీఎస్ పొగగొట్టాల కిందనే బతుకుతున్నాం. కిన్నెరసాని నీళ్లు కరెంటుకూ పోతాయి, చేనుకూ పోతాయి. నీటి విలువ మనకు తెలుసు. ఏ ఫ్యాక్టరీ వచ్చినా మాటలు కాదు, కాలువ నీటి పరీక్ష ఫలితాలు నెలనెలా పంచాయతీ గోడ మీద తెలుగులో పెట్టమని గ్రామసభలో తీర్మానం చేయాలి. సరుకు కొనే పెద్ద కంపెనీ పేరు కూడా అక్కడే రాయించాలి. పేరుకు భయపడే కంపెనీ కాలువను పట్టించుకుంటుంది.

మన వంతూ ఉంది. కోళ్లు త్వరగా బరువెక్కాలని మేతలో మందులు కలపొద్దు. కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడొద్దని 2019లోనే నిషేధించారు. పశువైద్యుడు చెప్పిన మోతాదును సగంలో ఆపొద్దు. మన చేయి శుభ్రంగా ఉంటేనే కంపెనీని గట్టిగా నిలదీయగలం.