సైకిలుకి ఛార్జింగేంది సార్?

పోయిన జూన్‌లో ఒక ఆదివారం పొద్దున, చేవెళ్ళ దాటి తిరిగొస్తూ మర్రిచెట్ల కింద ఒక టీకొట్టు దగ్గర ఆగాం. నేనూ, మా ఆఫీసు కుర్రాడూ. వాడి సైకిలు రెండు లక్షల పైచిలుకు. కార్బన్ ఫ్రేము, డిస్కు బ్రేకులు, మీట నొక్కితే జిర్రుమని చిన్న మోటారు తిరిగి గేరు మారిపోయే ఎలక్ట్రానిక్ సరంజామా. నాది 1980ల నాటి ఉక్కు సైకిలు. ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఒక గరాజ్ సేల్లో నూటయాభై డాలర్లకి కొని, తిరిగొచ్చేటప్పుడు అట్టపెట్టెలో కుక్కి లగేజీలో వేసుకొచ్చాను. గేర్లు మార్చడానికి ఫ్రేము కింది గొట్టం మీద రెండు బుల్లి లివర్లుంటాయి, అంతే. బయల్దేరేటప్పుడే వాడు "అన్నా, దీన్ని సాలార్‌జంగ్ మ్యూజియంలో పెట్టాల్సింది" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నా.

టీకొట్టుకి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా వాడి ముందు గేరు మారడం మానేసింది. టీ తాగి లేచేసరికి వెనకదీ అంతే. బ్యాటరీ అయిపోయింది. చైను పోయి పోయి అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీద కూర్చుంది, అంటే అన్నిటికన్నా బరువైన గేరు. ఛార్జింగు కేబులు ఇంట్లో ఉంది. కొట్టతను పాపం తన ఫోను ఛార్జర్లు రెండూ తెచ్చి "ఏ పిన్ను కావాలె సార్, సన్నదా దొడ్డదా?" అన్నాడు. రెండూ పట్టలేదు, ఆ కంపెనీ పిన్నే వేరట. అప్పుడడిగాడాయన: "అయినా సైకిలుకి ఛార్జింగేంది సార్? తొక్కుడే గదా?"

మావాడు ఆ ఒక్క గేరులోనే ఆపసోపాలు పడుతూ నలభై కిలోమీటర్లు తొక్కి ఇంటికి చేరాడు. పైకి జాలి చూపించాను గానీ లోపల నా సంబరం అంతా ఇంతా కాదు. ఆ సంబరం మూడు వారాలు కూడా నిలవలేదు. దాని సంగతి తర్వాత.

ముందు మా బాపతు వాళ్ళ గురించి చెప్పుకోవాలి. పాత సైకిళ్ళ అభిమానులకి ఒక జబ్బుంది. మేం కుర్రతనంలో చూసిన సామానంతా సహజం, ఆ తర్వాత వచ్చిందంతా కృత్రిమం అనుకుంటాం. జబ్బు కొత్తదేం కాదు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ గారికీ ఉండేది. చైనుని ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి తోసే డీరెయిలర్లని ఫ్రాన్సులో సైకిళ్ళ మీద ఊళ్ళు తిరిగే యాత్రికులు హాయిగా వాడుకుంటుంటే, ఆయన మాత్రం తన పందెంలోకి రానివ్వలేదు. గెలవాల్సింది మనిషి గానీ యంత్రం కాదని ఆయన పట్టుదల. దాంతో కొండ మొదట్లో పందెగాళ్ళు సైకిలు దిగి, వెనక చక్రం ఊడదీసి, అటుది ఇటు తిప్పి బిగించుకుని (చక్రానికి రెండు పక్కలా వేర్వేరు సైజుల్లో పళ్ళచక్రాలుండేవి) మళ్ళీ ఎక్కేవాళ్ళు. 1936లో ఆరోగ్యం బాగాలేక ఆయన తప్పుకున్నారు. 1937లో డీరెయిలర్లకి అనుమతి వచ్చింది. ఆ ఏడు గెలిచిన రోజె లపెబీ సైకిలుకి ఉన్నది అదే. ఇవాళ నేను అసలు సిసలు అని మురిసిపోతున్న నా లివర్లు దెగ్రాంజ్ లెక్కలో శుద్ధ మోసం అన్నమాట :-)

అటు కొత్త సామాను వాళ్ళ వాదనా తీసిపారేసేది కాదు. గంటలో ఎంత దూరం తొక్కగలరనే రికార్డు ఒకటుంది. 1972లో ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో, ఆ ఎత్తులో, ఆ పల్చటి గాలిలో, మామూలు వంపు హాండిలున్న ఉక్కు సైకిలు మీద 49.431 కిలోమీటర్లు తొక్కాడు. 1996లో క్రిస్ బోర్డ్‌మన్ మాంచెస్టర్‌లో కార్బన్ సైకిలెక్కి, చేతులు సూపర్‌మాన్ లాగా ముందుకి చాపి 56.375 తొక్కాడు. ఇదేదో శృతి మించుతోందని అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య (యూసీఐ) వాళ్ళు, గంట రికార్డుకి మెర్క్స్ కాలం నాటి తరహా సైకిలే వాడాలని రూలు పెట్టారు. 2000లో అదే బోర్డ్‌మన్, అదే మాంచెస్టర్‌లో, పాత తరహా సైకిలు మీద తొక్కితే వచ్చింది 49.441. మెర్క్స్ కన్నా పది మీటర్లు ఎక్కువ! మధ్యలో నాలుగేళ్ళు వయసు మీద పడిందనుకున్నా, ఒకే మనిషి కాళ్ళకి ఏడు కిలోమీటర్ల తేడా. సామానుదేముంది, అంతా కాళ్ళలోనే ఉంది అనే పెద్దమనుషులు ఈ లెక్కకి ఏం చెప్తారో నాకు తెలీదు.

కాకపోతే ఆ ఏడు కిలోమీటర్లు గేర్ల నుంచి రాలేదు, గాలి నుంచి వచ్చాయి. మనిషి ఎంత వంగాడు, గాలికి ఎంత తక్కువ అడ్డం పడ్డాడు అన్నదే అక్కడ విషయమంతా. వేగం రెట్టింపయితే గాలిని చీల్చడానికి పట్టే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. గంటకి యాభై తొక్కేవాడికి అది జీవన్మరణ సమస్య. ఇరవై అయిదులో టీకొట్టు కోసం వెతుక్కుంటూ పోయే నాకు అందులో ఎనిమిదో వంతు. బరువు సంగతీ అంతే. పందెం సైకిలు 6.8 కిలోల కన్నా తక్కువ ఉండకూడదని యూసీఐ 2000 నుంచీ నియమం పెట్టింది. మనవాళ్ళేమో ఇంకో రెండొందల గ్రాములు తగ్గించుకోవడానికి ముప్ఫై వేలు పోస్తారు. ఆ రెండొందల గ్రాములు నా పొట్టలోంచి తీసుకుపోండిరా బాబూ, ఉచితంగా ఇస్తాను.

ఇప్పుడు ఆ మూడు వారాల తర్వాతి సంగతి. జులైలో అనంతగిరి వెళ్ళాం. ఘాట్ రోడ్డు దిగుతుంటే వాన అందుకుంది. నా సైకిలుకి రిమ్ము బ్రేకులు, అంటే రెండు రబ్బర్లు చక్రం అంచుని పట్టుకుని ఆపుతాయి. అంచు తడిస్తే రబ్బర్లు ముందు నీళ్ళు తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. ఆ తుడిచేలోపు సైకిలు పోతూనే ఉంటుంది. మలుపు తిరిగేసరికి ఎదురుగా బస్సు. రెండు చేతులా ప్రాణం పెట్టి పిసికాను. ఆగలేదు. ఇహ లాభం లేదని పక్క మట్టిలోకి దించేసి తుప్పల్లో పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు, అదృష్టం. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నా వంశాన్ని తల్చుకుని వెళ్ళిపోయాడు. వెనక వస్తున్న మావాడు రెండే రెండు వేళ్ళతో బ్రేకు పట్టి, మెత్తగా వచ్చి నా పక్కన ఆగాడు. మ్యూజియం ఊసెత్తలేదు. నీళ్ళ సీసాతో మోచెయ్యి కడిగి "మెల్లగా పోదాం అన్నా" అన్నాడు. ఛార్జింగు రోజున నేను వాడి మీద ఎంత నవ్వుకున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది.

డిస్కు బ్రేకుల మీద మా వర్గం ఎంత గోల చేసిందో అనుభవమున్నవాళ్ళకి తెలుసు. నేనూ చేశాను. యూసీఐ 2015లో పరీక్షగా అనుమతించడం, 2016 పారిస్-రూబే పందెంలో ఒకరి కాలికి గాయమైతే ఆపెయ్యడం, మళ్ళీ ప్రయోగాలు చేసి 2018 జులైలో పూర్తిగా ఒప్పుకోవడం, ఇదంతా అయ్యాక కూడా 2019 టూర్‌ని ఏగన్ బెర్నాల్ రిమ్ము బ్రేకులతోనే గెలిచాడని చంకలు గుద్దుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. ఆ తర్వాత కొన్నేళ్ళకే పెద్ద పందేల్లో రిమ్ము బ్రేకులు దాదాపు మాయమైపోయాయి. బెర్నాల్ దిగే కొండ మీద ఎదురుగా బస్సు రాదు అనే చిన్న విషయం నాకు తుప్పల్లో పడ్డాక తట్టింది.

ఆ నెలలోనే రెండో సైకిలు కొన్నాను. (ఇంట్లో ఏమన్నారో అడక్కండి.) పాతదానికి డిస్కులు బిగించుకోలేం, ఫ్రేముకీ ఫోర్కుకీ వాటిని పట్టి ఉంచే చెవులే ఉండవు. కొత్తది అల్యూమినియం, 32 మిల్లీమీటర్ల టైర్లు, తీగతో లాగే డిస్కు బ్రేకులు. నూనెతో పనిచేసేవి ఇంకా మెత్తగా పట్టుకుంటాయి, కాదనను. కానీ ఆ గొట్టంలోకి గాలి చేరితే రోడ్డు పక్కన కూచుని నేను చేయగలిగిందేమీ లేదు. తీగ తెగితే మార్చుకోగలను.

టైర్ల విషయంలో ఇంకో తమాషా ఉంది. సన్నటి టైరులో గాలి గట్టిగా కొడితే వేగం ఎక్కువ అని నమ్మి ఏళ్ళ తరబడి 23 మిల్లీమీటర్ల టైర్ల మీద వెన్నుపూస అరగదీసుకున్నాం. మన గతుకుల రోడ్డు మీద రాయిలాంటి టైరు ప్రతి గతుక్కీ మనిషిని పైకెగరేస్తుంది, ఆ ఎగరేసే శక్తంతా మన కాళ్ళదే. ఇప్పుడు పందేల వాళ్ళూ 28, 30కి వచ్చేశారు. ఒకప్పటి టూరింగు సైకిళ్ళకి అంత లావు టైర్లు మామూలే. మధ్యలో సన్నటి టైర్లు తప్ప పట్టని ఫ్రేములు చేసి, ఇప్పుడు మళ్ళీ లావువి పట్టించడానికి కొత్త ఫ్రేము కొనమంటున్నారు. ఇందులో పాత ఏది, కొత్త ఏది?

గేర్ల దగ్గర నాకు ఇప్పటికీ కొంచెం మొండితనం ఉంది. షిమానో 1984లో, ఒక్కో నొక్కుకి "టక్" మని సరిగ్గా ఒక్కో గేరు మారే పద్ధతి తెచ్చింది. 1990లో ఆ మీటలని బ్రేకు మీటల్లోనే కలిపేసింది. రెండోది నిజంగా గొప్ప పని. గేరు కోసం హాండిలు వదిలి కిందికి వంగినప్పుడే మన రోడ్డు మీద గుంత వస్తుంది. అది ప్రకృతి ధర్మం. అయితే టక్ మనాలంటే మీట, తీగ లాగే కొలత, పళ్ళచక్రాల మధ్య ఎడం అన్నీ ఒకే కుటుంబానివి కావాలి. ఎనిమిది పళ్ళచక్రాలు తొమ్మిదై, పదై, పన్నెండయ్యేకొద్దీ చైను సన్నబడుతూ పోయింది, పాత ముక్కకీ కొత్త ముక్కకీ పొసగదు. నా పాత లివరుకి ఈ బాధే లేదు. దానికి టక్కుల్లేవు, ఎంత లాగితే అంత కదులుతుంది. వెనక ఆరు చక్రాలున్నా ఎనిమిదున్నా దానికి అనవసరం, చెవితో విని సరిచేసుకునేది నేను. మా భాషలో చెప్పాలంటే వెర్షను నంబరు లేని ఇంటర్‌ఫేసు. నలభై ఏళ్ళుగా బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ చెడగొట్టని వస్తువు నా జీవితంలో ఇదొక్కటే.

ఇక ఎలక్ట్రానిక్ గేర్లు. షిమానోవి 2009లో, శ్రామ్ వాళ్ళ వైర్‌లెస్‌వి 2015లో వచ్చాయి. బాగా మారతాయి. వేళ్ళ కీళ్ళు నొప్పులున్నవాళ్ళకి వరం కూడా, వాళ్ళని నేనేమీ అనను. కానీ 2024లో అమెరికాలో రెండు యూనివర్సిటీల పరిశోధకులు షిమానో వైర్‌లెస్ గేర్ల సిగ్నల్‌ని గాల్లోంచి పట్టి, రికార్డు చేసుకుని, మళ్ళీ వదిలి, పది మీటర్ల దూరం నుంచి వేరేవాళ్ళ సైకిలు గేర్లు మార్చి చూపించారు. కంపెనీ వాళ్ళతో కలిసి పనిచేసి ఫర్మ్‌వేర్ సరిచేసింది, సంతోషం. వారమంతా ప్యాచ్‌లు, రిలీజులు, రోల్‌బ్యాకులు అంటూ ఏడ్చే నేను ఆదివారం పొద్దున సైకిలుకి కూడా అప్‌డేటు వేసుకోవాలా?

నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది మాత్రం బ్యాటరీ కాదు, తీగల్ని దాచిపెట్టడం. ఇప్పటి ఖరీదైన సైకిళ్ళలో బ్రేకు గొట్టాలు హాండిలు లోపల్నుంచి, మెడ లోపల్నుంచి, బేరింగు మధ్యలోంచి పోతాయి. చూడ్డానికి ముచ్చటే. కానీ మెడలో బేరింగు అరిగితే, అది కొన్ని వందల రూపాయల వస్తువే, దాన్ని మార్చడానికి బ్రేకు గొట్టాలు ఊడదీసి, నూనె మళ్ళీ నింపి, సగం సైకిలు విప్పాలి. మావాడు ఆ పనికి బండి షాపులో ఇస్తే నాలుగు రోజులు ఉంచుకుని, బేరింగు ఖరీదుకి ఆరు రెట్లు కూలీ తీసుకున్నారు. షాపువాళ్ళని అనడానికి లేదు, అంత పనీ ఉంది మరి. గంటకి యాభై తొక్కేవాడికి పనికొచ్చే ఏర్పాటుకి గంటకి పాతిక తొక్కేవాడు కట్టే సుంకం ఇది.

అలాగని పాతదంతా బంగారమని పాట పాడను. మా ఊళ్ళో మా నాన్నగారి నల్ల సైకిలు నాకింకా గుర్తే. రాడ్డు బ్రేకులు, మెరిసే ఇనప రిమ్ములు. వానాకాలంలో బ్రేకు వేస్తే సైకిలు దాన్ని ఒక సలహాగా తీసుకునేది, ఆపేది చెప్పుకాలే. పెడలు కాడకి సుత్తితో కొట్టే కాటరు పిన్ను ఏడాదికోసారి వదులై టకటకలాడేది. అయితే ఊరి సెంటర్లో షాపాయన ఒక పానా, ఒక సుత్తి, నీళ్ళ బేసిను, సొల్యూషను ట్యూబుతో ఆ బండిలో ఉన్న ప్రతి జబ్బుకీ వైద్యం చేసేవాడు. పక్కన కూచుని చూసి పదేళ్ళ వయసులో నేను పంక్చరు వేయడం, చక్రం వంకర తీయడం నేర్చుకున్నాను. లోపల ఏం జరుగుతోందో కళ్ళకి కనపడే యంత్రం నాకు తెలిసి అదొక్కటే. నేనివాళ చేసే ఉద్యోగానికి మొదటి పాఠం అక్కడే అయిందని నా నమ్మకం. మా అబ్బాయికి పన్నెండేళ్ళు. వాడికి గేర్లు ఎలా మారతాయో చూపించాలంటే పాత సైకిలే తిరగేసి పెట్టాలి. మావాడి రెండు లక్షల బండిలో చూపించడానికి ఒక నల్ల డబ్బా, దానికో పచ్చ లైటు ఉన్నాయి.

అంచేత ఇప్పుడు ఏ ముక్క ముందుకొచ్చినా, అది పాతదా కొత్తదా అని అడగడం మానేశాను. చెడితే ఎలా చెడుతుంది, చెడినప్పుడు చేవెళ్ళ రోడ్డు మీద నేనేం చేయగలను అనే రెండే అడుగుతున్నాను. డిస్కు బ్రేకు పాసైంది, లావు టైరు పాసైంది, హాండిలు మీది మీటలు పాసయ్యాయి. దాచిన తీగలు ఫెయిలు. బ్యాటరీకి సప్లిమెంటరీ రాసుకునే అవకాశం ఇచ్చాను, ఆ పిన్నేదో అందరి పిన్నులాగా పెడితే చాలు.

మావాడు మొన్న మెల్లగా వచ్చి, అమ్మకానికున్న పాత ఉక్కు ఫ్రేము ఫోటో చూపించి "ఇది బావుంటుందా అన్నా?" అనడిగాడు. వెనక చక్రం పట్టే ఎడం కొలిచి, తుప్పు ఎక్కడుందో చూసి చెప్తానన్నాను. వచ్చే ఆదివారం మళ్ళీ అనంతగిరి. మబ్బుంటే డిస్కు సైకిలు, లేకపోతే పాతది. వాడు ఈసారి కేబులు తెస్తానన్నాడు.