తీసేవాళ్లూ దిగాలి

సంక్రాంతి సంచికకు ముఖచిత్రం కావాలని అడిగిన ప్రతిసారీ మా బల్ల మీదికి చేరే ఫొటోలు ఒకే పెట్టెలోంచి తీసినట్టుంటాయి. మంచులో గంగిరెద్దు, ముగ్గు మీద వంగిన పరికిణీ పిల్ల, ఎర్రటి సూర్యుడి ముందు నల్లటి ఎడ్లబండి, ఏటవాలు ఎండలో ముసలమ్మ ముఖం మీది ముడతలు. వంక పెట్టడానికేమీ ఉండదు. ఫోకస్ ఉండాల్సిన చోటే ఉంటుంది, రంగులు నిండుగా ఉంటాయి. అయినా పది చూసేసరికి పదీ ఒక్కరే తీశారా అనిపిస్తుంది. ఆ ముసలమ్మను ఊళ్లో ఏమని పిలుస్తారో తీసినవారికి తెలుసన్న జాడ ఎక్కడా కనబడదు. కారు ఆపి, అద్దం దించి, నొక్కి వెళ్లిపోయిన బొమ్మలవి.

పోయిన నెల వేరే రకం కవరొకటి వచ్చింది. పంపినాయన ఒక చిన్న పట్టణంలో టైలరు. లోపల 19 ఫొటోలు. అన్నీ ఫోనుతో తీసినవే. అన్నీ తన కుట్టుమిషను ముందు కూర్చుని, ఎదురుగా కనబడే రోడ్డును తీసినవే. సగానికి సగం మసకగా ఉన్నాయి. ప్రతి ఫొటోలోనూ కింద ఓ మూల మిషను చక్రం అడ్డం వచ్చింది. పక్కన పెట్టేద్దామనుకున్నాం. పెట్టలేకపోయాం. ఎందుకు పెట్టలేకపోయామో చెప్పుకోవడానికే ఈ నెల సంపాదకీయం.

మన భాషలో ఫొటోకు రెండు క్రియలున్నాయి. కెమెరా పట్టుకున్నవాళ్లు ఫొటో తీస్తారు. కెమెరా ముందు నిలబడినవాళ్లు ఫొటో దిగుతారు. తీయడమంటే బావిలోంచి చేద తీసినట్టు, బీరువాలోంచి చీర తీసినట్టు, ఉన్న చోటు నుంచి ఒకదాన్ని బయటికి తేవడం. దిగడం సంగతి వేరు. ఏట్లోకి దిగుతాం, పొలంలోకి దిగుతాం, బరిలోకి దిగుతాం. స్టూడియోకి వెళ్లి ఫొటో దిగిన తరానికి ఆ మాట బరువు తెలుసు. ఇస్త్రీ చొక్కా, ముఖానికి పౌడరు, ‘కదలకండి’ అన్న హెచ్చరిక, బిగబట్టిన ఊపిరి. దిగినవాళ్లు తమలోది కొంత అక్కడ వదిలి వచ్చేవాళ్లు. మరి తీసినవాళ్లు వదిలేదేమిటి? ఫొటోగ్రఫీ ఎలా నేర్చుకోవాలని ఎవరైనా అడిగితే మాకు మొదట ఈ ప్రశ్నే తోస్తుంది.

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. 1839లో ఆ రోజున పారిస్‌లో సైన్సు, కళల అకాడమీలు ఉమ్మడిగా సమావేశమైనప్పుడు, డాగ్యేర్ కనిపెట్టిన పద్ధతిని అరాగో అనే శాస్త్రవేత్త లోకానికి వివరించాడు. అందరికీ తెలిసిన ఈ కథకు ముందు ఇంకో రెండు చిన్న కథలున్నాయి. కెమెరాతో తీసినవాటిలో ఈనాటికి మిగిలిన అతి పాత చిత్రం నియెప్స్‌ది, 1826 లేదా 1827 నాటిది. తారులాంటి పదార్థం పూసిన లోహపు పలక మీద, తన ఇంటి మేడ కిటికీలోంచి కనబడే కప్పుల్నీ గోడల్నీ పట్టాడు. పలక గంటల తరబడి వెలుగులో ఉండాల్సి రావడంతో ఎదురెదురు గోడలు రెండింటి మీదా ఎండ పడింది. మన కళ్లు ఒక్కసారిగా ఎన్నడూ చూడలేనిది అది. రెండో కథ ఇంగ్లండులోని టాల్బట్‌ది. 1833లో ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున బొమ్మ గీయబోయి, చెయ్యి తిరగక విసిగిపోయాడు. వెలుగు చేతే బొమ్మ గీయిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆ విసుగులోంచే పుట్టింది. రెండేళ్లకు, 1835 ఆగస్టులో, తన ఇంటి జాలీ కిటికీని చిన్న కాగితం ముక్క మీద నెగటివ్‌గా దించాడు. తీసిన కొత్తలో భూతద్దం పెట్టి చూస్తే అందులో సుమారు 200 గాజు పలకలు లెక్కకు అందేవట.

ఇద్దరికీ గురువు లేడు, ఎదురుగా ఓ పాఠ్యపుస్తకం లేదు. ఇద్దరూ సాధనకు ఎంచుకున్నది సొంతింటి కిటికీనే. కెమెరా కొన్న మర్నాడే లడఖ్ టికెట్లు వెతికే మనకు ఇది కొంచెం ఇబ్బంది పెట్టే సంగతే.

అలాగే తన కిటికీ దగ్గరే పద్నాలుగేళ్లు కూర్చున్నవాడొకడున్నాడు. చెక్ దేశస్థుడు యోసెఫ్ సుదెక్. పుస్తకాలకు బైండు వేసే పని నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది. ఆ పని ఇక సాగేది కాదు. మిగిలిన ఒంటి చేత్తో, ఇద్దరు మోయదగ్గ పెద్ద కెమెరాలతో ఫొటోలు తీశాడు. నాజీలు ప్రాగ్‌ను ఆక్రమించాక కెమెరాతో వీధిలో తిరగడం ప్రమాదమైంది. తన స్టూడియో కిటికీకేసి తిరిగాడు. 1940 నుంచి 1954 దాకా ఆ అద్దం మీది ఆవిరిని, జారే చినుకుల్ని, పెరట్లో మెలితిరిగిన చెట్టును తీస్తూనే ఉన్నాడు. చినుకు పడిన అద్దాన్ని తీయడం ఎవరికైనా ఒక మధ్యాహ్నపు సరదా. మూడో శీతాకాలం నాటికి ఆ సరదా తీరిపోతుంది. అసలు చూడడం మొదలయ్యేది అప్పుడే.

సాధన అన్న మాటను మనం సంగీతం దగ్గర తేలిగ్గా ఒప్పుకుంటాం. సరళీ స్వరాలు వందలసార్లు పాడనిదే కీర్తన రాదంటే ఎవరూ వాదించరు. కెమెరా దగ్గరికి వచ్చేసరికి, మీట నొక్కితే బొమ్మ వచ్చేస్తోంది కదా అని విద్య కూడా వచ్చేసిందనుకుంటాం. కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ వెస్టన్ 1930 ఆగస్టులో ఏం చేశాడో చూడండి. అప్పటికే పేరున్నవాడు. మనం బెంగళూరు మిర్చి అని పిలిచే కూరగాయను ఎదురుగా పెట్టుకుని, నాలుగైదు రోజుల్లో కనీసం 30 నెగటివ్‌లు తీశాడు. తెల్లగుడ్డ వెనక పెట్టాడు, అట్ట పెట్టాడు. వెనక భాగం మరీ తేలిపోతోందో, కాయ మరీ అతుక్కుపోయినట్టుందో, ఏదీ నచ్చలేదు. చివరికి ఒక రేకు గరాటును పడుకోబెట్టి, దాని నోట్లో కాయను నిలిపాడు. గరాటు లోపలి వంపు వెలుగును అన్ని వైపుల నుంచీ కాయ మీదికి తిప్పింది. ఈ రోజు మనం చూసే ‘పెప్పర్ నంబర్ 30’ అదే. కాయలాగే ఉంటుంది, ఒళ్లు విరుచుకుంటున్న మనిషి వీపులాగానూ ఉంటుంది. ఆ గరాటు కిటుకు ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు. నచ్చని ఫొటోలే దాన్ని వెతికించాయి.

మన ప్రాంతపు ఫొటోగ్రఫీకి పెద్దదిక్కయిన రాజా దీన్‌దయాళ్ కూడా ఉద్యోగం చేసుకుంటూ కెమెరా పట్టినవాడే. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు, నక్షాలు వేసే పనిలో చేరాడు. మొదట సరదాగా తీసిన ఫొటోలే 1880లలో అతన్ని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానానికి తీసుకొచ్చాయి. అతను తీసిన కట్టడాల ఫొటోలు చూస్తుంటే, స్కేలు పట్టి గీతలు గీసిన చెయ్యి కనబడుతూనే ఉంటుంది. చేసే పని చూపును మార్చింది. అంతకన్నా మాకు నచ్చే విషయం ఇంకొకటుంది. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, అక్కడి కెమెరాను ఒక మహిళకు అప్పగించాడు. తాను దిగరాని రేవు ఒకటుందని తెలుసుకోవడం కూడా ఈ విద్యలో పాఠమే.

ఇప్పుడు మన సంగతి. రీలులో 36 బొమ్మలే ఉన్న రోజుల్లో నొక్కే ముందు వేలు ఒక్క క్షణం తటపటాయించేది. రీలు కడిగించి, ప్రింట్లు వేయించి, కవరు చేతికొచ్చేదాకా ఎదురుచూపు. ఆ లోపు ఏది ఎలా వచ్చి ఉంటుందో మనసులో పదిసార్లు చూసుకునేవాళ్లం. ఆ చూసుకోవడమే శిక్షణ. ఫోను వచ్చాక తటపటాయింపు పోయింది, ఎదురుచూపూ పోయింది. ఇది బాధపడాల్సిన విషయమేమీ కాదు. కెమెరా కొనలేని కోట్ల మంది చేతికి కెమెరా వచ్చింది. పోయిన ఆ రెండింటినీ మనమే తెచ్చిపెట్టుకోవాలి, అంతే. అందుకే ఒక సొంత పని, ఏడాదిపాటు వదలని ఒకే వస్తువు, కొత్తవాళ్లకు లెన్సు కన్నా ఎక్కువ అవసరం.

మన ఇళ్లలో దీనికి మంచి పేరే ఉంది, నోము. అదే రోజు, అదే పీట, అదే విధి. విసుగు పుట్టినా మానకూడదు. చివర్లో ఉద్యాపన చెప్పుకోవాలి. ఇంట్లో ఒక కిటికీని ఏడాదిపాటు వారానికొకసారి అదే చోట నిలబడి తీస్తే ఏమవుతుంది? డిసెంబరులో దక్షిణపు కిటికీలోంచి ఎండ గది మధ్యదాకా పాకడం కనబడుతుంది. ఎండాకాలానికి అది గడప దగ్గరే ఆగిపోతుంది. హైదరాబాద్‌లో ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ కనబడదు. ఆ రెండు తేదీల నడుమ రోజుల్లో సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. మిగతా కాలమంతా మధ్యాహ్నపు ఎండ ఎరగని ఉత్తరపు గోడకు అప్పుడు పలచగా ఎండ తగులుతుంది. ఈ ముక్క పుస్తకంలో చదివితే మర్చిపోతాం. పన్నెండు నెలల ఫొటోలు నేల మీద పరిచి చూసుకుంటే ఇక మర్చిపోవడం ఉండదు. అపెర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్‌ఓ అన్న మూడు మాటలూ ఆ గోడ దగ్గరే ఒంటబడతాయి.

గోడలూ కూరగాయలూ ఏమీ అనవు. వస్తువు మనిషైనప్పుడు చిక్కు మొదలవుతుంది. 1989లో ఫొటోగ్రాఫర్ దయానీతా సింగ్ ఒక లండన్ పత్రిక కోసం ఢిల్లీలో హిజ్రాల జీవితాన్ని తీయబోయారు. వాళ్లలో ఒకరైన మోనా అహ్మద్ సంతోషంగా ఫొటోలు దిగింది. అవి లండన్‌లో అచ్చవుతాయని తెలిసేసరికి కంగారుపడింది. అక్కడ తన బంధువులున్నారు, వద్దంది. దయానీత ఆ రీలును ఆమె చేతిలో పెట్టేశారు. వృత్తిలో అదొక నష్టం. కానీ అక్కడ మొదలైన స్నేహం ఏళ్ల తరబడి సాగింది. మోనా తన మాటలు తానే చెప్పుకున్న ‘మైసెల్ఫ్ మోనా అహ్మద్’ అనే పుస్తకం 2001లో వచ్చింది. రీలు తిరిగి ఇచ్చిన రోజున దయానీత చేసిన పనిని మన భాషలో ఒకే మాటతో చెప్పొచ్చు. ఆమె దిగారు.

మా సంక్రాంతి ముసలమ్మల ఫొటోల్లో లేనిది ఇదే. ముడతలు దొరికాయి, మనిషి దొరకలేదు. ఆ ముసలమ్మకు ఒక ప్రింటు తీసుకెళ్లి ఇచ్చి చూడండి. ‘ఇదేంటయ్యా, ఇంత నల్లగా తీశావు’ అంటుంది. లేదా, చనిపోయిన పెద్దాయన ఫొటో ఒకటి తెచ్చి పెద్దది చేయించి పెట్టమంటుంది. రెండోసారి వెళ్లినప్పుడు ఆమె మీ కోసం కొత్త చీర కట్టుకుంటుంది, మీకు కావలసిన ఫొటో చెడిపోతుంది. ఐదోసారికి మిమ్మల్ని పట్టించుకోకుండా బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంది. ఆ ఐదోసారి దాకా వెళ్లే ఓపికనే మేం ప్రతిభ అనుకుంటున్నాం. మొదటిసారి తీసిన ఫొటోకే బహుమతులిచ్చే పోటీలు, వాటి ఫలితాలు వేసే మాలాంటి పత్రికలు, ఈ ఓపికను పెంచడానికి చేసిందేమీ లేదని కూడా ఒప్పుకోవాలి.

అందుకని మా వంతుగా ఒక చిన్న మార్పు. వచ్చే సంచిక నుంచి ఒంటి ఫొటోలు తీసుకోం. ఒకే చోటు, ఒకే మనిషి, లేదా ఒకే వస్తువు మీద కనీసం ఆరు నెలలు తీసిన పన్నెండు ఫొటోలు పంపండి. ఇంటికి నడిచి వెళ్లే దూరంలోవైతే మరీ మంచిది. మనుషులుంటే, వాళ్లకు ఆ ఫొటోలు చూపించారా లేదా, చూసి వాళ్లేమన్నారో నాలుగు వాక్యాలు రాయండి. ఏ కెమెరాతో తీశారో రాయనక్కర్లేదు.

ఆ శీర్షిక కింద మొదట వచ్చేవి టైలరుగారి ఫొటోలే. తొలి ఫొటోల్లో రోడ్డు మీది జనం ఆయన వైపు చూసి నవ్వుతున్నారు, చేతులూపుతున్నారు. తర్వాత్తర్వాత ఎవరూ చూడరు. స్కూలు పిల్లలు కొట్టుకుంటారు, బంద్ రోజున షట్టర్లన్నీ దించి ఉంటాయి, వానలో ఒకావిడ తడవకుండా ఫైలును గుండెకు హత్తుకుని పరుగెడుతుంది. అంతా బాగానే ఉంది గానీ ఆ చక్రమే అడ్డం. ఆయనకు ఫోను చేసి, కింద ఆ మూల కొంచెం కత్తిరించి వేసుకుంటామని అడిగాం.

కాసేపు ఏమీ అనలేదు. వెనక మిషను ఆగిన చప్పుడు వినబడింది. ‘చక్రం తీసేస్తే అది రోడ్డు ఫొటో అయిపోద్దండీ,’ అన్నారు. ‘నేను కూర్చుని చూసింది కాకుండా పోద్ది.’

కత్తిరించకుండానే వేస్తున్నాం.