అడ్డం, నిలువు... ఓ లెక్క!

చీరాల మగ్గం మీద పడుగు నిలువు, పేక అడ్డం. రెండూ లంబంగా కలిస్తేనే మంచి బట్ట. పేక కాస్త వాలిందా, గళ్ల చీరలో గళ్లన్నీ వంకరపోతాయి. నేతగాడి కష్టానికి విలువ తగ్గుతుంది.

పడుగు దారాలు తిన్నగా ఉంటాయి కాబట్టి సరిపోయింది. అవే వంపు తిరిగితే? అన్ని వంపులనూ తొంభై డిగ్రీల కోణంలో దాటే గీతలేవి? వీటినే ఆర్థోగొనల్ ట్రాజెక్టరీలంటారు. ఇంగ్లండు గణితవేత్తల సత్తా చూద్దామని 1715లో లైబ్నిజ్ ఈ చిక్కుముడి విసిరాడు. న్యూటన్ జవాబు 1716లో పేరు లేకుండానే అచ్చయింది.

కిటుకు చిన్నదే. ముందు వంపుల వాలు తెలిపే అవకలన సమీకరణం రాయాలి. వాలును తలకిందులు చేసి, గుర్తు మార్చాలి. వాలు రెండున్నచోట మైనస్ అర అవుతుంది. ఆపైన సమాకలనం చేస్తే కొత్త గీతలు దొరుకుతాయి. ఒకే కేంద్రమున్న వృత్తాలతో మొదలెడితే, ఆ కేంద్రం గుండా పోయే సరళరేఖలు వస్తాయి. అచ్చం సాలెగూడే!

పొలంలోనూ ఇదే లెక్క. ఒకే ఎత్తున్న చోట్లను కలిపితే కాంటూరు గీతలు. వాననీరు వాటిని దాదాపు లంబంగా దాటుతూ పల్లానికి పోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వానలప్పుడు నీటి దారికి అడ్డంగా తూముల్లేని కట్ట ఉంటే, నీళ్లు చేలోనే నిలుస్తాయి.

మగ్గంలో లెక్క తప్పితే ఒక చీర పోతుంది. చేలో తప్పితే ఏడాది తిండిగింజలే పోతాయి.